ఆపరేషన్ థియేటరు ముందు పిల్లల గది: గోడల మీద బొమ్మలు గీస్తే సరిపోతుందా?

బెజవాడ నక్షా | సోమవారం, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. నేను భవనాలకు నక్షాలు గీసేవాణ్ణి. ఇళ్లు కట్టించాను, ఒక బడి కట్టించాను. ఆసుపత్రి పని మాత్రం ఇదే మొదలు. ఒక పిల్లల ఆసుపత్రి వారు థియేటరు ముందున్న మూడు గదులను పిల్లలకు భయం పుట్టని విధంగా మార్చి ఇమ్మని అప్పగించారు. యాజమాన్యం మనసులో ఉన్నది ఇదీ: గోడల నిండా అడవి, ఏనుగు, కోతి, జిరాఫీ; ఒక మూల పెద్ద టీవీ; మధ్యలో జారుడుబల్ల. రంగుల పనికి ధర కూడా మాట్లాడేశారు.

గీత గీసే ముందు చోటు చూడటం నా అలవాటు. శనివారం ఉదయం ఏడు నుంచి పదకొండు వరకు అక్కడ ఒక కుర్చీలో కూర్చున్నాను. నాలుగేళ్ల పాప ఒకతె, వెనక నాడాలు కట్టే ఆకుపచ్చ గౌనులో ఉంది. కాళ్లకు మాత్రం ఇంటి నుంచి వేసుకొచ్చిన గజ్జెలు. ఎదురు గోడ మీద ఇప్పటికే ఒక జింక బొమ్మ అతికించి ఉంది. పాప దాని వంక ఒక్కసారి కూడా చూడలేదు. చూపంతా థియేటరు తలుపు మీదే. అది తెరుచుకున్నప్పుడల్లా కాళ్లు ముడుచుకుని వాళ్ల అమ్మ ఒడిలోకి ఎక్కేది, గజ్జెలు ఘల్లుమనేవి. నోటుపుస్తకంలో గీతలు పెట్టుకుంటూ పోయాను. నాలుగు గంటల్లో తలుపు 31 సార్లు తెరుచుకుంది. పిల్లలను లోపలికి తీసుకెళ్ళడానికి తెరిచినవి అందులో ఐదే.

అడవి గీస్తే ఆ పాప భయం తగ్గుతుందా? ఇలాంటి గదుల్లో పనిచేసేవారు, పిల్లలను తీసుకెళ్ళిన తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే సోమవారంలోగా నక్షా ఇవ్వాలి.

థియేటర్ అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:15

నక్షా గారూ, ఆ తలుపును లెక్కపెట్టినందుకు మీకు దండం. పదిహేడేళ్లుగా దానికి ఇవతలా అవతలా తిరుగుతున్నాను, ఒక్కనాడూ లెక్కపెట్టలేదు. మిగతా 26 సార్లు తెరిచింది ఎవరో నేను చెబుతాను. ఉతికిన గుడ్డల బండి, ఆవిరితో పరికరాల క్రిములు చంపే ఆటోక్లేవ్ నుంచి వచ్చే డ్రమ్ములు, మందుల షాపు కుర్రాడు, రక్తం శాంపిల్ తీసుకుపోయే ఆయా, ఫోను మాట్లాడటానికి బయటికి వచ్చే మేము. వీటికి వేరే దారి ఉందేమో చూడండి. లేకపోతే తలుపు కనపడని మలుపులో పిల్లలను కూర్చోబెట్టండి. రంగు డబ్బా మూత తీయకముందే సగం భయం పోతుంది.

రెండోది మత్తు మాస్కు. లోపల పిల్లలు మొట్టమొదట ఎదురుతిరిగేది దానికే. ఎన్నడూ చూడనిది, ముక్కూ నోరూ మూసేది, ప్లాస్టిక్ వాసన వేసేది. మా దగ్గర కొత్త మాస్కు ఒకటి వార్డులోనే పిల్లవాడి చేతికి ఇస్తాం. మొదట బొమ్మ ముఖానికి పెడతాడు. తర్వాత వాళ్ల అమ్మకు. ఆ తర్వాత నాకు పెట్టి "ఊదు" అంటాడు. చివరికి తన ముఖానికి తానే పెట్టుకుంటాడు. ఆ వరస తప్పితే పని చెడుతుంది. తొందరపడి నేరుగా వాడి ముఖానికే పెడితే బొమ్మను కూడా విసిరేస్తాడు. వరసగా నడిస్తే అదే మాస్కు చేత్తో పట్టుకుని లోపలికి వస్తాడు. దీనికి కావలసింది ఒక చాప, ఒక బొమ్మ, పది నిమిషాలు కూర్చునే మనిషి.

జారుడుబల్ల మాత్రం వద్దే వద్దు. థియేటరుకు పంపే ముందు కొందరు పిల్లలకు మందు తాగిస్తారు. అది తాగిన అరగంటలో తూలుతారు. ఎత్తు ఎక్కే వస్తువు ఏదీ ఆ గదిలో ఉండకూడదు.

తులసికోట | సోమవారం, రాత్రి 9:05

మా బాబు గ్రహణమొర్రితో పుట్టాడు. నాలుగో నెలలో పెదవికి, ఏడాది నిండాక అంగిటికి ఆపరేషన్లు జరిగాయి. అవి వాడికి గుర్తు లేవు. అంగిట్లో మిగిలిపోయిన చిన్న రంధ్రం మూయడానికి ఐదో ఏట జరిగినది మాత్రం గుర్తుంది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. మరో మూడు వారాల్లో తుంటి నుంచి కొంచెం ఎముక తీసి పై చిగురులో నింపుతారట, కోరపన్ను సరిగా దిగడానికి. అందుకే ఈ చర్చ చూడగానే ఆగిపోయాను.

ఐదో ఏట రాత్రి పది తర్వాత వాడికి మంచినీళ్లు కూడా ఇవ్వవద్దన్నారు. వాడి వంతు వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయింది. మేము కూర్చున్న గది బాగానే ఉంది, గోడ మీద నవ్వుతున్న కుందేళ్లు. కిటికీ కింద క్యాంటీను. పదింటికి ఉల్లిదోసె వాసన పైకి వచ్చింది. వాడు ఏడవలేదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి "అమ్మా, ఆ మామయ్య రెండో దోసె తింటున్నాడు" అన్నాడు. ఇంకాసేపటికి "మూడో దోసె" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను కూడా ఏమీ తినలేదు, అది వాడికి ఏం ఓదార్పు?

ఇప్పటికీ ఇంట్లో ఉల్లిదోసె వేస్తే వాడు వంటింట్లోకి రాడు.

మీ గది కిటికీ ఎటు తెరుచుకుంటుందో చూడండి.

మత్తువైద్యుడు | మంగళవారం, ఉదయం 6:20

తులసికోట గారూ, మీ బాబు అన్ని గంటలు నీళ్లు లేకుండా ఉండవలసిన అవసరం లేదు. చాలా ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి 6-4-2: ఘనాహారానికి ఆరు గంటలు, తల్లిపాలకు నాలుగు, మంచినీళ్లు, గుజ్జులేని పళ్లరసం లాంటి వాటికి రెండు. 2018లో బ్రిటన్ పిల్లల మత్తువైద్యులు, 2022లో ఐరోపా మార్గదర్శకాలు నీళ్ల గడువును ఒక గంటకు తగ్గించాయి. ఆరోగ్య పరిస్థితిని బట్టి మార్పులు ఉంటాయి కాబట్టి మీ వైద్యుడిని అడిగి ఆయన చెప్పినదే పాటించండి. కానీ అడగండి. "రాత్రి పది తర్వాత ఏమీ వద్దు" అని మేము ఒక్క ముక్కలో చెప్పేయడానికి కారణం మర్నాటి వరసలో ఎవరు ఎప్పుడు వస్తారో మాకే ఖాయంగా తెలియకపోవడం. ఆ బరువు పసివాడి కడుపు మీద పడుతోంది. అది మా తప్పు.

నక్షా గారూ, అందుకే మీ గదిలో నేను మొదట కోరేది ఒక పలక. ఈ రోజు వరస, ఒక్కొక్కరు ఎన్ని గంటల వరకు నీళ్లు తాగవచ్చు, వరస జరిగితే కొత్త సమయం. సుద్దముక్కతో రాసేదైనా చాలు.

గోడల సంగతికి వస్తాను. పిల్లలు భయంతో మత్తులోకి వెళ్ళడం ఆ పది నిమిషాల గొడవతో పోదు. 2006లో జీవ్ కేన్ బృందం టాన్సిల్స్ ఆపరేషన్ జరిగిన 241 మంది పిల్లలను గమనించింది, 5 నుంచి 12 ఏళ్ల వారు. ముందు ఎక్కువ భయపడిన పిల్లలకు తర్వాత నొప్పి ఎక్కువ, ఇంటికి వెళ్ళాక నొప్పిమందు ఎక్కువ కావలసి వచ్చింది, నిద్ర కూడా చెడింది. కాబట్టి మీరు గీస్తున్న గదిని నేను అలంకారంగా చూడటం లేదు. మా మందుల బీరువా ఎంత ముఖ్యమో అదీ అంతే.

అయితే ఏది పనిచేస్తుంది? వైద్య అధ్యయనాలను పోగుచేసి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2015 సమీక్షలో 28 అధ్యయనాలను కలిపి చూశారు. తల్లిదండ్రులు మత్తు గదిలోకి రావడం ఒక్కటే పిల్లల భయాన్ని తగ్గించినట్టు తేలలేదు. ఇది విని తల్లులు బాధపడవద్దు. రావద్దని దాని అర్థం కాదు. ఏం చేయాలో తెలియక తల్లే వణుకుతుంటే ఆ వణుకు బిడ్డకు చేరుతుంది. ఆశ కలిగించినవి చేతిలో పట్టుకునే వీడియో ఆట, విదూషక వైద్యులు (విదూషక వేషంలో పిల్లలను నవ్వించేవారు), తక్కువ వెలుతురు, తక్కువ శబ్దం, ఒక్కరే మాట్లాడటం వంటివి. మీ యాజమాన్యం పెడతానంటున్న పెద్ద టీవీ ఈ చివరి వాటికి పూర్తిగా ఎదురు. ఆ గదిలో ఒక్క కంఠమే వినపడాలి.

ఇంకో చిన్న లెక్క. సూది నొప్పి తెలియకుండా చేతి మీద రాసే పూతమందు పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది. బిడ్డ మీ గదిలోకి వచ్చిన మొదటి నిమిషంలోనే అది రాసే చోటు ఉండాలి. చివరి గదిలో పెడితే వృథా.

పిఠాపురం తాతయ్య | మంగళవారం, ఉదయం 11:30

మీరందరూ అనుభవజ్ఞులు. నాకొక సందేహం, కోపగించుకోవద్దు. పసివాళ్లకు మాస్కు, సూది, మత్తు అంటూ ఇవన్నీ ముందే చూపించడం అవసరమా? చూపిస్తే రాత్రంతా దాని గురించే ఆలోచించరా? మా మనవడికి ఆరేళ్లప్పుడు మెల్లకన్ను సరిచేయించాం. "కొత్త కళ్లజోడు తెచ్చుకుందాం పద" అని తీసుకెళ్ళాం. దారి పొడవునా పాటలు పాడుకుంటూ వచ్చాడు. ఆ రెండు గంటలైనా వాడు సంతోషంగా ఉన్నాడు కదా అని నా మనసు. పెద్దవాళ్ల భయాన్ని పిల్లల నెత్తిన ముందే ఎందుకు పెట్టాలి?

గుండెకుట్లు | మంగళవారం, రాత్రి 10:48

తాతయ్య గారూ, మీరు ప్రేమతోనే అలా చేశారని తెలుసు. మా నాన్న కూడా అలాగే చేశారు. నాకిప్పుడు ఇరవై ఏళ్లు. ఆరో ఏట గుండెలో రంధ్రానికి ఆపరేషన్ జరిగింది. బిడ్డ వైపు నుంచి చెబుతాను, వినండి.

నాకు "ఫోటో తీస్తారు, అంతే" అన్నారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తోసుకుంటూ వెళ్తుంటే నాకు కనపడింది పైకప్పు ఒక్కటే. గోడల మీద ఏముందో నాకు తెలియదు. ట్యూబులైట్లు లెక్కపెట్టాను, పదకొండు. పదకొండో లైటు మిణుకుమిణుకుమంటోంది. లోపల చలి. అంత చలిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చలికి వణికాను, దాన్ని చూసి ఒకరు "భయపడకమ్మా" అన్నారు. ఆ మాట విన్నాకే భయమేసింది.

అసలు భయం అది కాదు. మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంది. అమ్మా అని పిలిచాను, శబ్దం రాలేదు. మళ్లీ పిలిచాను. నా గొంతు కోసేశారనుకున్నాను. గుండె ఫోటో తీస్తామని చెప్పి గొంతు తీసేశారని ఆరేళ్ల బుర్రకు అర్థమైంది. గొట్టం తీసేవరకు అలాగే నమ్మాను. "నిద్ర లేచాక కాసేపు మాట రాదు, గొట్టం తీయగానే వస్తుంది, అంతవరకు ఇలా చెయ్యి నొక్కు" అని ముందురోజు ఒక్కరు చెప్పి ఉంటే చాలు.

ఆ తర్వాత చాలాకాలం మా నాన్న "బజారుకు వెళ్దాం రా" అంటే కూడా నమ్మలేదు. చెప్పులు వేసుకునే ముందు "నిజంగా బజారుకేనా?" అని అమ్మను అడిగేదాన్ని.

నక్షా గారూ, ఈ గదులన్నీ లోపలికి వెళ్ళేదాకానే ఆలోచిస్తాయి. లేచాక ఏముంటుందో కూడా థియేటర్ అక్క చెప్పిన ఆ మాస్కు బొమ్మ మీద చూపించాలి. చేతికి కట్టు, ముక్కులో గొట్టం, పక్కన సెలైన్ స్టాండు. ఇంకోటి, దయచేసి పైకప్పు చూడండి.

పిఠాపురం తాతయ్య | బుధవారం, ఉదయం 5:15

అమ్మా, నీ ఉత్తరం రాత్రే చదివాను. నిద్ర పట్టలేదు. మా మనవడు కంటికి కట్టుతో లేచినప్పుడు మొట్టమొదట అడిగిన మాట "తాతా, కళ్లజోడేదీ?" అని. మేము నవ్వాం. అది తమాషాగా తోచింది మాకు. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నాళ్లూ నొప్పి వల్ల అనుకున్నాను.

మెర్సీ ఒడ్డున | బుధవారం, మధ్యాహ్నం 1:10

నేను ఏలూరు పిల్లను, పన్నెండేళ్లుగా ఇంగ్లండులో ఒక పిల్లల ఆసుపత్రిలో హెల్త్ ప్లే స్పెషలిస్టుగా పనిచేస్తున్నాను. మందు ఇవ్వను, సూది వేయను. పిల్లలతో ఆడటమే నా ఉద్యోగం. అమెరికాలో దీన్నే చైల్డ్ లైఫ్ అంటారు. 1955లో క్లీవ్‌లండ్ నగర ఆసుపత్రిలో ఎమ్మా ప్లాంక్ అనే ఆవిడ ఈ పనికి ఒక రూపం తెచ్చారు. వియన్నాలో మాంటిసోరీ పద్ధతిలో తయారైన ఉపాధ్యాయిని ఆవిడ. ఇక్కడ బ్రిటన్‌లో ఆసుపత్రుల్లో పిల్లల బాగోగుల మీద 1959 ప్లాట్ నివేదిక వచ్చేవరకు చాలా ఆసుపత్రుల్లో తల్లిదండ్రులు వారానికి కొద్ది గంటలే బిడ్డను చూడగలిగేవారు. కాబట్టి ఇవన్నీ తెల్లవాళ్లకు పుట్టుకతో తెలిసిన విద్యలు కావు. వాళ్లూ తప్పులు చేసి నేర్చుకున్నవే.

గుండెకుట్లు గారు పైకప్పు అనగానే లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రి గుర్తొచ్చింది. 2012లో అక్కడ థియేటరుకు వెళ్ళే నడవ గోడల వెనక 70 పలకల్లో 72,000 చిన్న దీపాలు అమర్చారు. జేసన్ బ్రూజెస్ స్టూడియో పని అది. గోడ కాగితం మీద అడవి చెట్లు ఉంటాయి. పిల్లవాడు దగ్గరికి వచ్చినప్పుడు చెట్ల మధ్య నుంచి ఒక గుర్రమో జింకో ముళ్లపందో వెలుగుగా కదిలి మాయమవుతుంది. అదీ అడవే, మీ యాజమాన్యం అడిగినదీ అడవే. తేడా రెండు విషయాల్లో ఉంది. నడిచివచ్చే బిడ్డకు, మంచం మీద పడుకుని వచ్చే బిడ్డకు కనపడేలా జంతువులను వేర్వేరు ఎత్తుల్లో పెట్టారు. అవి బిడ్డ కదిలితేనే కదులుతాయి. ఆ దారిలో తన వల్ల జరిగేది ఒకటైనా ఉందని బిడ్డకు తెలుస్తుంది. మిగతావన్నీ తనకు జరుగుతున్నవే కదా. అన్ని దీపాలకు డబ్బు పోయవలసిన పనిలేదు. స్ట్రెచర్ పోయే దారి పైకప్పున పదకొండు పక్షులు గీసి "తోకలేని పిట్ట ఏది?" అని అడిగినా అదే పని జరుగుతుంది.

విదూషకుల బొమ్మలు మాత్రం గీయకండి. 2008లో షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 4 నుంచి 16 ఏళ్ల పిల్లలను 250 మందికి పైగా అడిగితే, వార్డు గోడల మీద విదూషకుల బొమ్మలు ఎవరికీ నచ్చలేదని తేలింది, పెద్ద పిల్లలు కూడా భయమన్నారు. డాక్టరు గారు చెప్పిన విదూషకులు వేరు, వాళ్లు పిల్లవాడి ముఖం చూసి దగ్గరికి రావాలో వద్దో నిర్ణయించుకునే శిక్షణ పొందిన మనుషులు. గోడ మీది బొమ్మకు ఆ తెలివి ఉండదు. ఆ మనుషులతోనూ చిక్కులున్నాయి. ఫ్లోరెన్స్‌లో 2005లో ప్రచురించిన అధ్యయనంలో వాళ్ల వల్ల పిల్లల భయం తగ్గింది, కానీ థియేటరు సిబ్బందిలో ఎక్కువ మంది పనికి అడ్డమని కొనసాగించవద్దన్నారు. అందుకే మొదటి రోజు నుంచే థియేటర్ అక్క లాంటి వారిని కూర్చోబెట్టుకుని గీయండి.

ఎప్పుడు చెప్పాలన్నది తాతయ్య గారి ప్రశ్నలో ఉన్న నిజం. మూడు నాలుగేళ్ల బిడ్డకు వారం ముందు చెబితే వారం రోజులూ మోస్తుంది. ముందురోజు చాలు. ఆరేళ్లు దాటిన వారికి ఐదు నుంచి ఏడు రోజుల ముందు చెప్పాలి, ముందురోజు హడావుడిగా చెబితే మంచి కన్నా చెడు ఎక్కువ. తులసికోట గారూ, మీ బాబుకు తొమ్మిదేళ్లు. వారం ముందు, పగటిపూట, పడుకునే ముందు కాకుండా చెప్పండి. తుంటి దగ్గర కూడా నొప్పి ఉంటుందని తప్పక చెప్పండి. నోటికి ఆపరేషన్ అని వెళ్ళి నడుము దగ్గర కట్టుతో లేస్తే వాడు దాన్ని క్షమించడు.

ఏజెన్సీ స్టాఫ్ నర్సు | బుధవారం, రాత్రి 8:30

వారం ముందు అంటున్నారు. మా పిల్లలు ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం బస్సు దిగుతారు. భద్రాచలం అవతలి గూడేల నుంచి ఆరోగ్యశ్రీ కాగితం పట్టుకుని మొదటిసారి పట్నం చూసేవాళ్లు. కొందరికి కోయ భాష తప్ప తెలుగు రాదు. లిఫ్టు ఎక్కడమే వాళ్లకు పెద్ద ఆపరేషన్. వాళ్లకు ఈ గదులు ఎలా అందుతాయి?

మెర్సీ ఒడ్డున | బుధవారం, రాత్రి 11:55

అక్కా, చాలా సరైన ప్రశ్న. గది రాలేకపోతే గది ఫోటోలు వెళ్ళాలి. ఆరోగ్యశ్రీ అనుమతి కోసం ఎదురుచూసే రోజులు ఎలాగూ ఉన్నాయి కదా, ఆ రోజులే మనకు కావలసిన వారం. పన్నెండు ఫోటోలు, ఒక్క అక్షరం లేకుండా. ఆసుపత్రి గేటు, లిఫ్టు, మంచం, గౌను, మాస్కు పెట్టుకున్న బొమ్మ, థియేటరు దీపం, లేచాక పక్కన కూర్చున్న అమ్మ. మీ ఊరి ఆశా కార్యకర్త ఫోనులోకి పంపితే కోయలో ఆవిడే చెబుతుంది. ఫోటోలు మాత్రం ఆ పిల్ల వెళ్ళబోయే చోటివే కావాలి. ఇంటర్నెట్‌లో దొరికిన అందమైన ఆసుపత్రివి పెడితే అది మళ్లీ కళ్లజోడు కథే అవుతుంది.

లక్కపిడత | గురువారం, ఉదయం 7:45

మాది ఏటికొప్పాక. నేను లక్కబొమ్మలు చేస్తాను. ఇదంతా చదివాక ఊరుకోలేకపోయాను. అంకుడు కర్రతో చిన్న స్ట్రెచరు, సెలైన్ స్టాండు, డాక్టరమ్మ, నర్సమ్మ, పడుకోబెట్టే పాప చేసి ఇవ్వగలను. రంగులన్నీ పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలతో చేసినవే, నోట్లో పెట్టుకున్నా భయం లేదు. ఆడపిల్లలు లక్కపిడతలతో వంట ఆడుకున్నట్టు ఆసుపత్రి ఆడుకుంటారు. ఒక జత ఊరికే ఇస్తాను.

థియేటర్ అక్క | గురువారం, మధ్యాహ్నం 3:00

అన్నా, మీ మనసు గొప్పది. నా బాధ కూడా వినండి. ఒక బిడ్డ ఆడిన బొమ్మను ఇంకో బిడ్డకు ఇచ్చే ముందు మేము స్పిరిట్‌తో తుడవాలి. మెత్తటి గుడ్డ బొమ్మలను కూడా అందుకే పక్కన పెట్టేస్తాం. మీ బొమ్మలు తట్టుకుంటాయా?

లక్కపిడత | గురువారం, సాయంత్రం 6:10

తట్టుకోవు చెల్లీ. స్పిరిట్ తగిలితే లక్క కరిగిపోతుంది. ఇప్పుడే ఒక ఎర్ర బొంగరం మీద దూదితో రుద్ది చూశాను. దూది ఎర్రబడింది, బొంగరం మీద మెరుపు పోయి మరక మిగిలింది. మొగలి ఆకుతో మళ్లీ ఎంత రుద్దినా ఆ చోట మెరుపు రాలేదు, తిరిగి లక్క ఎక్కించాల్సిందే.

కానీ ఒక ఆలోచన వచ్చింది. తుడవవలసింది ఒకరి నుంచి ఒకరికి పోయే బొమ్మనే కదా. ఎవరి బొమ్మ వాళ్లదే అయితే? బొటనవేలంత పాప బొమ్మ, ప్రతి బిడ్డకు ఒకటి. వార్డులో ఇస్తారు, ఆ బిడ్డతోనే ఇంటికి పోతుంది. చిన్న పని కాబట్టి ఖరీదు తక్కువ. స్ట్రెచరు, స్టాండు లాంటివి మీరు కడగగలిగే ప్లాస్టిక్‌వి పెట్టుకోండి.

మత్తువైద్యుడు | గురువారం, రాత్రి 9:40

మింగడానికి వీల్లేనంత పెద్దదిగా చేయండి. బొటనవేలంత వద్దు, పిడికిలంత. మూడేళ్ల లోపు వారికి ఇది చాలా ముఖ్యం. ఊడివచ్చే ముక్కలు ఉండకూడదు. థియేటరు తలుపు దగ్గర ఆ బొమ్మను తీసుకోకండి. దాన్ని నేను మత్తు గదిలోకి రానిస్తాను. పిల్లవాడు నిద్రపోయాక సంచిలో వేసి పేరు రాసి, లేచే గదిలో మంచం పక్కన పెట్టించడం నా పూచీ.

బెజవాడ నక్షా | ఆదివారం, సాయంత్రం 5:25

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియదు. నక్షా నాలుగుసార్లు చించి మళ్లీ గీశాను. ఇప్పుడు ఇలా ఉంది.

మొదటి గది పెద్దది. తలుపు దగ్గరే పూతమందు రాసే బల్ల, దాని పక్కన సుద్దపలక. నేల మీద చాపలు, ఎత్తు వస్తువు ఏదీ లేదు. ఈ గది కిటికీ క్యాంటీను వైపే ఉంది తులసికోట గారూ, మీరు చెప్పాకే వెళ్ళి చూశాను. దాన్ని మూయించి అవతలి గోడకు, వేపచెట్టు వైపు కొత్త కిటికీ పెడుతున్నాను. కిటికీ అడుగు నేల నుంచి రెండడుగుల ఎత్తులో, నాలుగేళ్ల బిడ్డ నిలబడి చూడగలిగేలా.

రెండో గది "చూసే గది". నిజమైన మాస్కు, గౌను, బీపీ పట్టీ, చిన్న స్ట్రెచరు, కట్టుతో ఉన్న బొమ్మ. బిడ్డ స్విచ్చి నొక్కితే వెలిగి ఆరిపోయే చిన్న థియేటరు దీపం ఒకటి పెట్టాను. వెలుతురు తక్కువ, టీవీ లేదు. గోడకు తెల్ల సున్నం. యాజమాన్యం ఇక్కడ చాలా వాదించింది. ఖాళీ గోడ చూస్తే తల్లిదండ్రులు డబ్బు ఖర్చుపెట్టలేదనుకుంటారట. గుండెకుట్లు గారి ఉత్తరం అనుమతి అడిగి వాళ్లకు చదివి వినిపించాను. డైరెక్టరు గారు మధ్యలో ఆపి ఇంకోసారి చదవమన్నారు. జారుడుబల్ల డబ్బు ఒక మనిషి జీతానికి మళ్లించడానికి ఒప్పుకున్నారు. ముందు ఆరు నెలలు చూస్తామన్నారు, అది నాకు చాలదు, మళ్లీ అడుగుతాను.

మూడో గదిని సగానికి తగ్గించి ఆ చోటులో గుడ్డల బండికి, డ్రమ్ములకు వేరే దారి తీశాను. థియేటరు తలుపు ఇక పిల్లలను తీసుకెళ్ళడానికే. పైకప్పున పక్షులు. అడవి పూర్తిగా పోలేదు, నడవలో బిడ్డ నడుము ఎత్తున ఒక వరస, పడుకున్న బిడ్డ చూపుకు అందేలా ఇంకో వరస ఉన్నాయి. పదకొండు పక్షులే గీయిస్తున్నాను, గుండెకుట్లు గారికి అభ్యంతరం లేకపోతే.

గుండెకుట్లు | ఆదివారం, రాత్రి 7:02

అభ్యంతరం లేదు. పదకొండోది మిణుకుమిణుకుమనే మిణుగురు పురుగైతే బాగుంటుంది.

ఏజెన్సీ స్టాఫ్ నర్సు | సోమవారం, ఉదయం 10:20

పన్నెండు ఫోటోలు నిన్ననే మా ఆసుపత్రిలో తీశాను. లిఫ్టు ఫోటో మూడుసార్లు తీయవలసి వచ్చింది, తలుపు మూసుకున్న ఫోటో చూసి ఒక పాప "ఇందులో వేస్తే బయటికి రానిస్తారా?" అని అడిగింది. తలుపు తెరుచుకుని అవతల వాళ్లమ్మ నవ్వుతున్న ఫోటో ఇంకోటి చేర్చాను. కాబట్టి పదమూడు.

తులసికోట | పదిహేను రోజుల తర్వాత, మంగళవారం, రాత్రి 8:15

మా బాబుకు ఆదివారం పొద్దున టిఫిను దగ్గర చెప్పాను. నోటికి అని, తుంటికి కూడా అని. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక కాగితం తెచ్చి మూడు ప్రశ్నలు రాశాడు. ఎముక తీసిన చోట గుంట పడుతుందా? క్రికెట్ ఎన్ని రోజులకు? ఎన్ని గంటల వరకు నీళ్లు తాగవచ్చు? ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని నిన్న తానే డాక్టరు గారికి ఇచ్చాడు. ఆయన మూడింటికీ కింద పెన్నుతో జవాబు రాసి సంతకం పెట్టారు. వాడి పేరు వరసలో మొదట రాశారు. ఆరున్నర వరకు నీళ్లు తాగవచ్చట.

థియేటర్ అక్కా, మీరు చెప్పిన మాస్కు ఒకటి మందుల షాపులో కొన్నాను. "నేనేమైనా చిన్నపిల్లాడినా?" అని బల్ల మీద పెట్టేశాడు. ఇందాక గది ముందు నుంచి వెళ్తుంటే చెల్లెలి ముఖానికి పెట్టి "ఊదు, గట్టిగా ఊదు" అంటున్నాడు.

థియేటర్ అక్క | మంగళవారం, రాత్రి 8:40

చెల్లి తర్వాత మీ వంతమ్మా. అడిగినప్పుడు కాదనకండి.